నిండుకున్న బావి

బియ్యం డబ్బాలో గ్లాసు అడుగుకు తగిలి కర్రుమంది. ఆ చప్పుడు వింటే ఈ వయసులో కూడా నేను నిటారుగా నిలబడతాను. వెనక ఎవరో నిలబడి నేనేమంటానో అని చెవి ఒగ్గినట్టుంటుంది. మొన్న అలాగే నిటారుగా నిలబడి, కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, "బాబూ, బియ్యం నిండుకున్నాయి" అన్నాను. అవతల కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇప్పుడు వద్దాండీ?" అని అడిగాడు. ఇల్లంతా బియ్యంతో నిండి ఉన్న ఆవిడ పనిగట్టుకుని ఫోన్ చేసి ఆ గొప్ప తనకెందుకు చెబుతోందో పాపం వాడికి అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు. ఈ ఒక్క మాట వల్ల ఒకప్పుడు తెనాలిలో ఒక ఇంటి బేరం తల్లకిందులు కాబోయిందని చెబితే వాడు నమ్మడు. నమ్మాలంటే రత్తమ్మ పిన్నిని చూసి ఉండాలి.

డెబ్భైల మొదట్లో నాకు తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. మాది చేబ్రోలు. వేళాపాళా లేని డ్యూటీలకు రోజూ బస్సులో తిరగడం కుదరదని మా నాన్న మారీసుపేటలో రత్తమ్మ గారి ఇంట్లో వెనక గది అద్దెకు మాట్లాడాడు. ఆవిడ మాకేమీ చుట్టం కాదు. నేను పెట్టె దించగానే, "పిన్నీ అని పిలువమ్మడూ, అండీ గిండీ నా దగ్గర వద్దు" అంది. అంతటితో చుట్టరికం కుదిరిపోయింది. భర్త పోయి చాలా ఏళ్లు. పిల్లల్లేరు. ఆయన కట్టించిన ఆ పెంకుటిల్లు, పెరట్లో బావి, ఆ బావి పక్కన నాలుగు అరటి చెట్లు, ఇవే ఆవిడ సంసారం.

ఆవిడ నోట చెడ్డ మాట వచ్చేది కాదు. చెడ్డ మాటంటే తిట్టనుకునేరు. తిట్లు ధారాళంగా వచ్చేవి, పాలవాడు ఆ ఇంటి మెట్లెక్కే ముందు గొంతు సవరించుకునేవాడు. ఆవిడ దృష్టిలో చెడ్డ మాటలు వేరు. లేదు, పోయింది, పగిలింది, ఆరిపోయింది, అయిపోయింది, ఇలాంటివి. ఆ ఇంట్లో దీపం ఆరదు, కొండెక్కుతుంది. పసుపుతాడు తెగదు, పెరుగుతుంది. ఉప్పూ పప్పూ అయిపోవు, నిండుకుంటాయి. ఇంతవరకు మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నదే. పిన్ని అక్కడ ఆగలేదు. చెప్పు తెగితే సెలవు పుచ్చుకుంది అనేది. బస్సు తప్పిపోతే బస్సు ముందు నడిచింది అనేది. ఒకసారి దొడ్లో ఆరబెట్టిన ఇత్తడి చెంబును ఎవడో ఎత్తుకుపోతే, "ఎవరికో అవసరపడిందిలే" అని, ఆ అవసరపడినవాడిని మాత్రం సాయంత్రం దాకా తిట్టింది.

నాదేమో కత్తిలాంటి నోరు. పెళ్లి సంబంధాలు వెనక్కి పోవడానికి నా నోరే కారణమని మా అమ్మ నమ్మకం. చేరిన కొత్తలో ఒక సాయంత్రం అలిసిపోయి వచ్చి, "గుంటూరు లైను చచ్చింది పిన్నీ, పొద్దుటినుంచీ అందరూ నన్ను తినేస్తున్నారు" అన్నాను. దీపం పెడుతున్న పిన్ని అగ్గిపుల్ల పారేసి లెంపలు వేసుకుంది.

"శ్రీరామ శ్రీరామ! దీపాలవేళ ఆ మాటేంటే?"

"మరి చచ్చినదాన్ని ఏమనాలి?"

"పడుకుందను. నోరేమన్నా అరుగుద్దా?"

మర్నాడు ధాన్యం వ్యాపారి ఒకాయన గుంటూరు కావాలని లైనులో గంతులేస్తుంటే, నాకు తెలియకుండానే, "గుంటూరు లైను పడుకుందండి" అనేశాను. "పడుకుంటే లేపవమ్మా తల్లీ!" అని ఆయన అరిచాడు, ఆ అరుపు మధ్యలోనే నవ్వేశాడు. మా సూపర్‌వైజరు పిలిచి చీవాట్లు పెట్టాడు. పెట్టినా ఆ మాట నా నోటికి అలవాటైపోయింది. కొన్నాళ్లకు నా లైనులో తగాదాలు తగ్గాయి. తెనాలి వ్యాపారులు ఫోనెత్తి, "ఏంటమ్మాయ్, ఇవాళ గుంటూరు నిద్ర లేచిందా?" అని అడిగేవారు. మనిషిని గాయపరచకుండా కష్టం చెప్పే దారి ఒకటుందని నాకు మొదట నేర్పింది పిన్నే.

పిన్నికి బాపట్లలో చిట్టెమ్మ అని ఒక చెల్లెలుంది. ఆవిడా ఒంటరిదే. ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో చిట్టెమ్మ గారి పక్కిల్లు అమ్మకానికొచ్చింది. పిన్ని నన్ను వెంటపెట్టుకుని బాపట్ల వెళ్లింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మేం వెళ్లేసరికి చిట్టెమ్మ గారు తన వైపు గోడ మీద ముగ్గుపిండితో ఒక తలుపు బొమ్మ గీసి పెట్టింది, గొళ్లెంతో సహా. చిన్నప్పుడు విడిపోయి, ఆ తర్వాత పెళ్లిళ్లకూ కర్మలకూ తప్ప కలవని అక్కచెల్లెళ్లిద్దరూ ఆ బొమ్మ ముందు నిలబడ్డారు. "ఇక్కడ గోడకి కన్ను తెరిపించాలే చిట్టీ" అంది పిన్ని. గోడ పగలగొట్టాలని ఆ గోడ వినేలా అనదు కదా. పక్కింటాయన మద్రాసుకు మకాం మార్చేస్తున్నాడు. శ్రీరామనవమి దాకా ఆగుతానన్నాడు. దాటితే ఇంకొకరికి మాటిచ్చేస్తానన్నాడు. తెనాలి ఇల్లు అమ్మితే తప్ప పిన్నికి వేరే ఆధారం లేదు. అది కూడా మంచి ధరకు పోవాలి, ఏ మాత్రం తగ్గినా బాపట్ల గోడ గోడగానే ఉండిపోతుంది. తిరుగు రైలు నిడుబ్రోలు దాటింది. ఆ తర్వాత పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు ఏదైనా కావాలని నేను ఎవర్నీ అడిగి ఎరగనే. ఇది కావాలమ్మడూ" అంది.

ఇల్లు తొందరగా, మంచి ధరకు అమ్మిపెట్టే పని సుబ్బారాయుడనే మధ్యవర్తికి అప్పగించాం. చంకలో గొడుగు, నోట్లో వక్కపలుకు, ప్రతి మాటకూ ఒక అండీ, అదీ సుబ్బారాయుడంటే. ఇల్లంతా తిరిగి చూసి శాసనాలు చేశాడు. ఇల్లు పొద్దున్నే చూపించాలి, మధ్యాహ్నమైతే పడమటి గది పెనంలా కాలుతుంది. సున్నం వాసన రావాలి, మనిషి వాసన రాకూడదు. ఇంటివాళ్లు నోరు తెరవకూడదు. అన్నిటికన్నా ముఖ్యం బావి. "నీళ్లుండగా తెమిలిపోవాలండి. వైశాఖంలో ఆ బావిని చూపించి అమ్మడం నా తాత వల్ల కూడా కాదండి" అన్నాడు. నిజమే. ఆ బావి నీళ్లు చైత్రం దాకా కొబ్బరినీళ్లలా ఉండేవి. వైశాఖం రాగానే అడుగు కనిపించేది. మళ్లీ వానలు పడేదాకా బిందెలతో పక్కవీధికి వెళ్లేవాళ్లం.

పిన్ని కూడా ఒక షరతు పెట్టింది. "ఈ గడపలో నిలబడి అమ్మడం గిమ్మడం అనమాక. ఇల్లు వింటది."

"మరేమనమంటారండి?"

"మంచి చేతుల్లో పెడుతున్నామను."

సుబ్బారాయుడు మాటకు కట్టుబడ్డవాడు. కాఫీ హోటల్లో, రైల్వేస్టేషను బెంచీల మీద, ఎక్కడ కూర్చుంటే అక్కడ, రత్తమ్మగారు మంచి చేతుల కోసం చూస్తున్నారని చెప్పుకొచ్చాడు. ఫలితంగా ఒక ఆదివారం పొద్దున్నే కొల్లిపర నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య, తలకు నూనె దట్టించిన వాళ్లబ్బాయి దిగారు. ఆ వేళకు సుబ్బారాయుడు లేడు. నేను డ్యూటీ నుంచి వచ్చి, ఎర్రబడ్డ కళ్లతోనే కాఫీలు తెచ్చి ఇచ్చాను. పెద్దావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి పిన్నివైపు తిరిగింది.

"వయసెంతండి?"

"నలభై దాటిందండి. చూస్తే అట్టా కనపడదు" అంది పిన్ని గర్వంగా. ఇంటి మాటే కదా అని నేనూ తల ఊపాను.

అబ్బాయి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పెద్దాయన తేరుకుని, "ఇదివరకు ఎవరన్నా చూసెళ్లారా?" అన్నాడు.

"ఇద్దరు ముగ్గురు చూశారండి. నందివెలుగు ఆయనైతే పూటంతా ఉండి, అన్నివైపులా తట్టి తట్టి చూశాడు."

"తట్టి చూశాడా!"

"తీసుకునేవాళ్లు తట్టి చూసుకోవద్దాండీ? మీరూ తీరిగ్గా చూసుకోండి."

అబ్బాయి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పెద్దావిడ నీరసంగా, "వంటా అదీ..." అంది. "వంట తూర్పువైపండి. పొగ నిలవదు" అంది పిన్ని. పెద్దాయన లేచి, చేతులు జోడించి, "అమ్మా, మేమొచ్చింది పిల్లని చూడ్డానికండి" అన్నాడు. అప్పటికి నాకు విషయం అర్థమై వంటింట్లోకి పరిగెత్తాను. పిన్ని మాత్రం ఏమీ తడబడలేదు. అబ్బాయిని ఒకసారి పరకాయించి చూసి, "సరేలే బాబూ. ఇంతకీ పెళ్లయ్యాక ఉండటానికి నీకు తెనాల్లో ఇల్లుందా?" అని అడిగింది. ఆ అబ్బాయికి నేనూ వద్దు, ఇల్లూ వద్దు అని సాయంత్రానికి కబురొచ్చింది. రెంటిలో ఇల్లు వద్దన్నందుకే పిన్ని ఎక్కువ బాధపడింది.

ఉగాది వెళ్లింది. నవమి దగ్గరికొస్తోంది. బాపట్ల నుంచి చిట్టెమ్మ గారు తెలిసినవాళ్లందరితో కబుర్లు పంపుతోంది. అలాంటప్పుడు సుబ్బారాయుడు ఏడుకొండలు గారిని తీసుకొచ్చాడు. ఈయన సముద్రం పక్క ఊళ్లో పుట్టి, రేపల్లెలో కాపురముంటూ, రైలు మీద తెనాలికి చేపలు పంపే వ్యాపారి. పిల్లల చదువులకని తెనాలిలో ఇల్లు వెతుకుతున్నాడు. ఆయన భార్య నాంచారమ్మ గదుల వైపు కన్నెత్తి చూడలేదు. చెప్పులు విడిచి తిన్నగా బావి దగ్గరికి వెళ్లింది. చేద వేసి తోడి, దోసిలి పట్టి తాగి, కళ్లు మూసుకుంది. మళ్లీ పట్టి తాగింది.

"అబ్బ, ఏం తీపండి! వేసవిలో ఎట్టా ఉంటదండి బావి?"

సుబ్బారాయుడు నోట్లో వక్క నమలడం ఆపేశాడు. పిన్ని అబద్ధమాడే మనిషి కాదు. నిమ్మళంగా, "వేసవిలో నిండుకుంటదమ్మా" అంది.

నాంచారమ్మ ముఖం వెలిగిపోయింది. ఏడుకొండలు గారు గదులు ఒకసారి తొంగి చూసి, పిన్ని చెప్పిన ధరకు బేరమన్నదే లేకుండా ఒప్పుకున్నాడు. ఎల్లుండి వచ్చి బయానా ఇస్తామన్నాడు. సుబ్బారాయుడు వాళ్లను రిక్షా ఎక్కిస్తూ ఉండగా నాంచారమ్మ మొగుడితో అంటున్న మాట మాకు వినిపించింది. "మన చెరువు కూడా అంతే కదయ్యా. కాలవ కట్టేసే ముందు నిండుకుంటది. ఇక్కడ పెరట్లోనే నిండుకుంటే ఇంకేం కావాల?"

రిక్షా మలుపు తిరిగింది. పిన్ని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మా వైపు ఏ ఇల్లాలికైనా ఆ మాట సూటిగా అర్థమయ్యేది. ఆ తీరంలో బావంటే ఉప్పునీళ్ల గుంట, మంచినీళ్లంటే ఊరి చెరువు. కాలవలు కట్టేసే ముందు ఆ చెరువును నింపుతారు, అది నిజంగానే నిండుకుంటుంది. ఇందులో వాళ్ల తప్పేం లేదు.

"మీరేం అబద్ధమాడారండి?" అన్నాడు సుబ్బారాయుడు హుషారుగా. "ఉన్నమాటే అన్నారండి. వాళ్లు అట్టా విన్నారు. మన పూచీ ఏముందండి?"

పిన్ని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా కూర్చుంది. "ఆ పిల్ల దోసిలితో ఎట్టా తాగిందో చూశావా అమ్మడూ?" అంది. తర్వాత చెయ్యి కడుక్కుని, "పొద్దున రేపల్లె రైలు ఎన్నింటికే?" అని అడిగింది. బేరం పోతే బాపట్ల పోతుందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం అనలేదు.

రేపల్లెలో ఏడుకొండలు గారిది చిన్న అద్దె ఇల్లు. వాకిట్లో గోడ పొడుగునా నీళ్ల బిందెలు బోర్లించి ఉన్నాయి. నాంచారమ్మ హడావిడిగా చాప వేసి, గోళీసోడాలు తెప్పించింది. పిన్ని సోడా ముట్టుకోలేదు.

"బావి సంగతి చెప్దామని వచ్చా బాబూ. వేసవిలో అది కాస్త విశ్రాంతి తీసుకుంటది."

"తీసుకోనీండి, మంచిదేగా" అన్నాడాయన.

"అంటే, గంగమ్మ తల్లి పుట్టింటికి వెళ్తది."

"జాతరాండీ?" అంది నాంచారమ్మ ఆసక్తిగా.

"కాదమ్మా. నీళ్లు కొంచెం... కిందికి చూస్తయ్యి."

మొగుడూ పెళ్లాలిద్దరూ మర్యాదగా కిందికి చూశారు. నాకింక ఆగలేదు. ఒక్క ముక్కలో నేను తేల్చేద్దామని నోరు తెరిచాను. పిన్ని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు కాదు. నా నోటితో అన్నమాట నా నోటితోనే దిద్దాల" అంది. కళ్లు మూసుకుంది. రెండు లెంపలూ వేసుకుంది. అప్పుడు, నేనెరిగి మొట్టమొదటిసారి, అన్నది.

"ఎండిపోద్ది."

పిన్ని ఒక కన్ను తెరిచి పైకప్పు చూసింది, పడలేదని నిర్ధారించుకుంది.

"వైశాఖం నుంచి వానలు పడేదాకా ఎండిపోద్ది. కప్పకి కూడా చోటుండదు. పడమటి గదిలో పెంకులు పగిలినయ్యి, కారుద్ది. దొడ్డి తలుపుకి చెద పట్టింది, లోపలంతా డొల్ల. పక్కింటోడు దొంగముండాకొడుకు, అరటిగెల మన చెట్టుకి ఒక్కటి మిగలనియ్యడు." నేను చెంగు పట్టుకుని లాగుతున్నాను. ఆగడం లేదు. ఇన్నేళ్లూ మింగిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తున్నాయి, చెప్పేకొద్దీ ముఖం తేటపడుతోంది. "అసలు ఆ బావి ఎందుకు ఎండిపోద్దో తెలుసా? మా ఆయన పిసినారి! పచ్చి పిసినారి! ఇంకో రెండు వరలు దించాలని బావి తవ్వేవాళ్లు మొత్తుకుంటే, ఖర్చు దండగని పైనే ఆపించాడు. నలభై ఏళ్లుగా వేసవి వచ్చిందంటే బిందె నా నడుం మీద, ఉన్నన్నాళ్లూ మహానుభావుడు అరుగు మీద!"

రోజూ పొద్దున్నే ఆ మహానుభావుడి ఫొటోకు దండం పెట్టి గానీ ఆవిడ కాఫీ తాగేది కాదు.

ముందు నాంచారమ్మ నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "వానలు పడేదాకా అంటే ఎన్నాళ్లండి? రెణ్ణెల్లా?"

"అంతే ఉంటదమ్మా."

"మాకు ఏడాదంతా ఇదేగండీ" అని వాకిట్లో బిందెల వైపు చెయ్యి చూపించింది. ఏడుకొండలు గారు మీసం దువ్వుకుంటూ, "పైన ఆపించారంటే కింద నీళ్లున్నట్టేగదండి. వరలు నేను దించుకుంటాలే పిన్నిగారూ" అన్నాడు. ధర మాట మాటే అన్నాడు. నాంచారమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "వరలు దించేలోపు నీళ్లు పట్టుకోవాలిగండీ. బావి దగ్గర ఇత్తడి గంగాళం చూశాను. అది మాకు ఒదిలెయ్యండి" అంది. ఆ గంగాళం పిన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, బాపట్ల తీసుకెళ్లాలని చింతపండుతో తోమి పెట్టుకున్నది. పిన్ని గుటక మింగింది. "తీసుకోమ్మా. అడుగున చిల్లుంది, మాట్లు వేయించా. కారుద్ది" అంది. అప్పటికి ఆవిడకు ఆ మాటల రుచి మరిగింది.

నవమి ముందురోజు బయానా బాపట్ల చేరింది. ఎండలు ముదరకముందే గోడకు కన్ను తెరిపించారు. ముగ్గుపిండి గీత మీదే తలుపు వచ్చింది. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. ఆ తలుపుకు గొళ్లెం ఉండేది, ఎప్పుడూ వేసి ఉండగా చూడలేదు. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పోట్లాడుకుంటూ ఒకే కూర వండుకునేవారు. తెనాలి బావికి వరలు దించారు, నీళ్లు పడ్డాయి. ఆ కబురు విని పిన్ని, "చూశావా, పిసినారి!" అని, వెంటనే ఫొటో వైపు తిరిగి లెంపలు వేసుకుంది.

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఎక్స్ఛేంజి బోర్డు ముందు కూర్చుని ఉండగా బాపట్ల పోస్టాఫీసు నుంచి నాకే ట్రంకాల్ వచ్చింది. చిట్టెమ్మ గారు. "అమ్మాయ్, మా అక్కయ్య..." అని ఆగిపోయింది. లైనులో గరగర. "ఏమని చెప్పనే? ఏ మాట అన్నా అది ఒప్పుకోదు కదే" అని ఏడ్చింది. నాకు అర్థమైంది. కత్తిలాంటి నోరున్న నేను, రోజంతా మాటలు కలిపే ఉద్యోగంలో ఉన్న నేను, మాట కోసం వెతుక్కున్నాను.

"నిండుకుందా చిట్టి పిన్నీ?" అన్నాను.

చిట్టెమ్మ గారి ఏడుపు మధ్యలో చిన్న నవ్వు వినిపించింది. "ఆఁ. నిండుకుందే" అంది.

మొన్న కిరాణా కుర్రాడు వద్దాండీ అని అడిగినప్పుడు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. "అయిపోయాయి బాబూ. బియ్యం అయిపోయాయి. ఇవాళే పంపించు" అన్నాను. వాడు సరేనన్నాడు. ఫోను పెట్టేసి, రెండు లెంపలూ వేసుకుని, డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు గింజలను ముట్టుకోకుండా మూత పెట్టాను.